నిండుకున్న మాట

సత్తిరాజుకి డాక్టరు పెట్టిన షరతు ఒక్కటే. ఎక్కడికైనా వెళ్ళండి, ఫోను పలకని చోటికి మాత్రం వెళ్ళొద్దు. పాపం ఆ డాక్టరుకేం తెలుసు, ఆయన వెళ్ళాలనుకున్నదే ఫోను పలకని చోటికని! ఇరవయ్యారేళ్ళు రాజమండ్రి నుంచి భద్రాచలానికి ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. మారేడుమిల్లి దాటాక ఘాటు రోడ్డులో ఏ మలుపు దగ్గర ఏ గేరు వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటివాడు ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించుకుని, హైదరాబాదులో కూతురింట్లో కిటికీ పక్క మంచం మీద రెండేళ్ళుగా పడి ఉన్నాడు. ఆ కిటికీలోంచి కనపడేది ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు.

"అన్నేళ్ళు ఆ రోడ్డు మీద తిరిగాను, ఒక్క రాత్రి అక్కడ పడుకోలేదే అమ్మడూ," అన్నాడు ఒకరోజు. "టైముకి డిపోలో బండి అప్పజెప్పాలిగా. ఎప్పుడూ దాటెయ్యడమే."

ఆ మాట కూతురు హైమకి గుచ్చుకుంది. హైమ రేడియో ఇంజనీరు. నలభయ్యేళ్ళొచ్చినా పెళ్ళి జోలికి పోలేదు. ఉన్న ప్రేమంతా అమ్మానాన్నల మీదా, తన చిన్న ప్రయోగశాల మీదా పంచేసింది. "ఫోను సంగతి నేను చూస్తాను నాన్నా," అంది. ఊరికే ఓదార్చడానికి అన్న మాట కాదది, నాలుగేళ్ళుగా తను తలబద్దలు కొట్టుకుంటున్న పనే అది.

పగలూ రాత్రీ, మన కంటికి కనపడినా కనపడకపోయినా, ఇసకరేణువులంత ఉల్కలు ఆకాశంలో కాలిపోతూనే ఉంటాయి. ఒక్కొక్కటీ కాలిన చోట గాలిలో ఒక చార మిగులుతుంది. అర సెకను, మహా అయితే సెకను. రేడియో తరంగం ఆ చారకి తగిలిందా, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. టవరు అక్కర్లేదు, ఉపగ్రహం అక్కర్లేదు, కొండ అడ్డం రాదు. చిక్కల్లా ఒకటే. ఆ అర సెకనులో మనిషి గొంతు పట్టదు. పది పన్నెండు అంకెలు పడతాయి, అంతే.

అందుకని హైమ గొంతుని పంపడం మానేసి, మాటలోని సారాన్ని పంపడం మొదలెట్టింది. ఇవతలి పెట్టె మనం అన్నది విని, దాని అర్థాన్ని పది పన్నెండు అంకెల్లోకి కుదిస్తుంది. అవతలి పెట్టె ఆ అంకెలు అందుకుని, మళ్ళీ మాటలు పేర్చి, మన గొంతుతోనే పలుకుతుంది. గొంతు దానికి ముందే నేర్పి ఉంచుతారు.

తల్లి మంగాయమ్మ పది రోజులు ప్రయోగశాలకొచ్చి ఆ పెట్టె ముందు కూర్చుని కబుర్లు చెప్పింది. పదకొండో రోజు పక్కగదిలో పెట్టె తన గొంతుతోనే "ఏవండీ, కాఫీ తాగుతారా?" అంటే ఉలిక్కిపడి, తరవాత పడీపడీ నవ్వింది. "అంటే ఇక్కడ మూట కట్టి పంపితే అక్కడ విప్పుకుంటారు. అంతేగా?" అంది. ఆనాటి నుంచీ ఆ యంత్రం పేరు మూట అయిపోయింది.

మూటకి తెలుగు నేర్పింది ఫణి. హైమ దగ్గర పనిచేసే కుర్రాడు, ఇరవయ్యారేళ్ళవాడు, చురుకు. వార్తలూ, సినిమా కబుర్లూ, జనం ఫోన్లలో రాసుకునే మాటలూ అన్నీ కలిపి ఇరవై లక్షల వాక్యాలు దాంట్లో పోశాడు. నూటికి తొంభయ్యెనిమిది సరిగ్గా విప్పుతోంది. కొండల్లో తిరిగే నర్సమ్మలకి ముప్ఫయ్యారు మూటలు పరీక్ష కోసం ఇచ్చారు కూడా. మిగతా రెండూ ఏమిటని హైమ అడగలేదు. తొంభయ్యెనిమిది చూసి సంతోషపడింది.

కార్తీకం మొదట్లో వ్యాను సిద్ధమైంది. లోపల సత్తిరాజుకి మంచం, బ్యాటరీ మీద నడిచే ఆక్సిజన్ యంత్రం, అది మొరాయిస్తే వాడుకోడానికి రెండు సిలిండర్లు, మంగాయమ్మకి ఒక గ్యాసు పొయ్యి. పైకప్పు మీద మడత విప్పితే దండెం కర్రల్లా చాచుకునే యాంటెన్నా. మొదటిరోజే మంగాయమ్మ దాని మీద తడి తువ్వాలు ఆరేసింది. రెండు గంటలు మూట మూగబోయింది. హైమ పోయిన సిగ్నలు కోసం మీటలన్నీ నొక్కి నొక్కి, చివరికి తలెత్తి చూసి నెత్తి కొట్టుకుంది.

"దండెం అనుకున్నానే తల్లీ! నీ ఇంటర్నెట్టు మండా, చెప్పొద్దూ?" అంది మంగాయమ్మ.

మారేడుమిల్లి దాటాక, ప్రధాన రోడ్డు వదిలి, ఒక వాగు దాటి, చదునుగా ఉన్న చోట హైమ వ్యాను ఆపింది. ఫోన్లో ఒక్క గీత లేదు. అయినా మూట పొద్దున్నా సాయంత్రం సత్తిరాజు ఊపిరి లెక్కలు డాక్టరుకి పంపింది. డాక్టరు గొంతు ఆ అడవిలో "భేషుగ్గా ఉన్నారు" అని పలికింది. సత్తిరాజు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, గొట్టం ముక్కున ఉన్న సంగతే మరిచిపోయి, దూరంగా ఘాటు ఎక్కుతున్న లారీల చప్పుడు వింటూ "సెకండులో వెయ్యరా నాయనా, సెకండులో," అని కనపడని డ్రైవర్లకి పాఠాలు చెప్పాడు. ఆయన ముఖంలో ఆ వెలుగు హైమ రెండేళ్ళుగా చూడలేదు. తను పుట్టి సాధించింది ఇదేననిపించింది.

"ఉప్పు నిండుకుందే హైమా, రేపు ఊళ్ళోకెళ్తే మర్చిపోకు," అని పొయ్యి దగ్గర్నుంచి మంగాయమ్మ. "అలాగేలే అమ్మా," అని హైమ, మూట లెక్కలు రాసుకుంటూ.

నాలుగోరోజు వాన పట్టుకుంది. రెండు రోజులు ఏకధాటిగా కురిసింది. ఆ తేమకి ఆక్సిజన్ యంత్రం లోపల మోటారు పట్టేసింది. ఎంత విప్పి తుడిచినా తిరగలేదు. సిలిండర్ తగిలించారు. ఒకటి రాత్రికి ఖాళీ అయింది. రెండోది తగిలించి, తెల్లారేసరికి వ్యాను వెనక్కి తిప్పుదామని చూస్తే వాగు పొంగి రోడ్డు మీద నడుం లోతున పారుతోంది. వ్యాను దాటదు. కాస్త ఎగువన మనుషులు నడిచే కర్రల వంతెన ఒకటుంది, దాని మీంచి దాటొచ్చు.

హైమ సిలిండర్ మీది ముల్లు చూసింది. సగానికి కాస్త పైన ఉంది. సాయంత్రం అయిదు దాకా ఢోకా లేదనుకుంది. ఖాళీ సిలిండర్ భుజానికెత్తుకుని వంతెన దాటి, రోడ్డెక్కి, దొరికిన జీపు మాట్లాడుకుని చింతూరు వెళ్ళింది. వెళ్ళేముందు తండ్రి చెయ్యి పట్టుకుంది. "మూడో మలుపులో మట్టి జారుతుంది వానకి. డ్రైవరుకి చెప్పు," అన్నాడాయన.

చింతూరు చేరేసరికి తొమ్మిదిన్నర. ఆక్సిజన్ నింపే కొట్టువాడు గాలివానకి కరెంటు పోయిందని, వచ్చాక గానీ పెద్దది నింపలేనని చెప్పాడు. "ఒంటిగంటకల్లా వస్తుందంటున్నారండి. అంత తొందరైతే ఇదిగో, చిన్నది నింపి ఉంది. గంటన్నర వస్తుంది. తీసుకెళ్ళిపోండి," అన్నాడు.

చిన్నదా, పెద్దదా? చిన్నది తీసుకెళ్తే గంటన్నరలో మళ్ళీ ఇదే రోడ్డు, ఇదే వాన. పెద్దది తీసుకెళ్తే రేపటిదాకా నిశ్చింత. హైమ ఫోను తీసింది. ఇక్కడ సిగ్నలుంది. తను అన్నది హైదరాబాదు ప్రయోగశాలకి చేరి, అక్కణ్ణుంచి ఉల్కల దారిన వ్యానుకి వెళ్తుంది. జవాబు అదే దారిన తిరిగొస్తుంది.

"అమ్మా, సిలిండర్ ఎలా ఉంది?"

ఏడు నిమిషాలు పట్టింది. తరవాత ఫోన్లో తల్లి గొంతు, స్పష్టంగా, నింపాదిగా పలికింది.

"సిలిండర్ నిండుగా ఉందమ్మా. వానలో జాగ్రత్తగా రా."

నిండుగా ఎలా ఉంటుంది, సగమే కదా ఉంది అని ఒక్క క్షణం అనిపించింది హైమకి. వెంటనే నవ్వొచ్చింది. అమ్మ సంగతి తెలియందేముంది! చిన్నప్పుడు ఇంట్లో ఏమున్నా లేకపోయినా "అన్నీ ఉన్నాయి, నువ్వు చదువుకో" అన్న మనిషి. తను ఘాటు రోడ్డులో కంగారుపడి వస్తుందని భయం. "సరేనమ్మా," అని జవాబు పంపి, కొట్టువాడితో పెద్దదే తీసుకుంటానని చెప్పింది. బల్ల మీద కూర్చుని టీ తాగింది. ఉప్పు పొట్లం కూడా కొంది.

కరెంటు ఒంటిగంటకి వచ్చింది. సిలిండర్ నిండేసరికి రెండు దాటింది. జీపు డ్రైవరు సిలిండర్‌ని వంతెన దాకా మోసుకొచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ వంతెన దాటి చెట్ల మధ్య నుంచి వస్తుంటే, వ్యాను తలుపు తెరిచి ఉంది. మంగాయమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది, వాన చినుకులు మీద పడుతున్నా లోపలికి జరగకుండా. ఆమె ఒళ్ళో సత్తిరాజు చలికి పెట్టుకునే టోపీ ఉంది.

హైమ సిలిండర్ కిందికి దించింది.

"వచ్చావా," అంది మంగాయమ్మ. ఏడుపు లేదు. ఏడవడం అయిపోయినట్టుంది. "పన్నెండింటికే, హైమా. హారన్ వినపడుతోందా అని అడిగారు రెండుసార్లు. వినపడుతోందండీ, వచ్చేస్తోంది అన్నాను."

"పన్నెండింటికా? ముల్లు సగం పైన ఉంది కదమ్మా!"

"ఎక్కడో కారిపోయిందే. తొమ్మిదిన్నరకే ఎర్రగీత మీదకొచ్చేసింది. నువ్వడిగావుగా." మంగాయమ్మ తలెత్తి కూతురి ముఖంలోకి చూసింది. ఆ చూపులో తప్పుపట్టడం లేదు, అర్థంకాకపోవడం ఉంది. "చెప్పాను కదే, నిండుకుందని."

హైమ బుర్రలో ఆ మాట దిగడానికి ఒక్క క్షణమే పట్టింది.

నిండుకుంది. ఈ ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోలేదు, నిండుకున్నాయి. నూనె నిండుకుంది, పసుపు నిండుకుంది, మొన్న ఉప్పు నిండుకుంది. లేదన్న మాట ఇంట్లో పలక్కూడదని, మంగాయమ్మ నోటెంట ఆ మాట ఎన్నడూ రాలేదు. మరి మొగుడి ఊపిరి గురించి వస్తుందా? మూట ఆ మాట విన్నది. నిండు అన్న అర్థం పట్టుకుంది. పన్నెండు అంకెలు కట్టింది. అవతల విప్పి, అదే గొంతుతో, అదే ప్రేమతో, సరిగ్గా తిరగేసి చెప్పింది.

"వినపడలేదమ్మా," అంది హైమ. "వానకి... సరిగ్గా వినపడలేదు."

"పోనీలే," అంది మంగాయమ్మ. "నువ్వేం చేస్తావు."

పన్నెండు రోజుల కర్మకాండలయ్యాక హైమ ప్రయోగశాలకి వెళ్ళింది. పరీక్ష కోసమని వ్యానులోని మూట అసలు గొంతుల్ని కూడా వారం రోజులు దాచి ఉంచుతుంది. హైమ దాన్ని ముందే తీసి భద్రపరిచింది గానీ వినలేదు. ఇప్పుడు విన్నది. వాన హోరు, దాని మధ్య సత్తిరాజు ఊపిరి గీరుకుంటున్న చప్పుడు, ఆ పైన తల్లి గొంతు: "సిలిండర్ నిండుకుందమ్మా. వానలో జాగ్రత్తగా రా." ఆ గొంతు నింపాదిగా లేదు, వణుకుతోంది. వణుకుని మూట పంపదు. దానికి అంత చోటు లేదు.

ఫణి విని తల దించుకున్నాడు. వాడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఇంట్లో ఈ మాట అనరక్కా. రైస్ అయిపోయింది అంటారు. నిజంగా నాకు తెలీదు."

"నాకు తెలుసు కదరా," అంది హైమ. "పుట్టినప్పట్నుంచీ వింటున్నాను. నేర్పాలని తట్టలేదు."

"ఒక్క రూలు రాసేస్తే సరిపోతుందక్కా. అరగంట పని."

"ఒక్కటేనా? ఇలాంటివి ఎన్నున్నాయో నీకు తెలుసా?"

కొండల్లో నర్సమ్మల దగ్గరున్న ముప్ఫయ్యారు మూటలూ ఆపెయ్యమని హైమ ఆ పూటే కబురు పంపింది. మర్నాడు ఒక నర్సమ్మ రెండు గంటలు నడిచి, సిగ్నలున్న చోటికొచ్చి ఫోను చేసింది. "ఆపితే ఎలాగండీ మేడమ్? అది రాకముందు మాకు ఏ దారీ లేదు. పోయిన వారం ఒక తల్లీ బిడ్డా దాని పుణ్యాన దక్కారు. తప్పులుంటే దిద్దండి, అంతేగానీ పట్టుకుపోకండి."

దిద్దాలంటే ఆ మాటలన్నీ తెలియాలి. అవి పుస్తకాల్లో ఒకచోట లేవు. ఫణి పోసిన ఇరవై లక్షల వాక్యాల్లో లేవు. అవి ఉన్నది మంగాయమ్మ లాంటివాళ్ళ నోళ్ళలో. అమ్మని అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతుంది. చెబితే, తన నోటి మాటే తన మొగుడి ప్రాణం తీసిందని ఆవిడ జీవితాంతం కుమిలిపోతుంది. హైమ మూడు రోజులు ఎటూ తేల్చుకోలేక తిరిగింది. నర్సమ్మ రోజూ ఫోను చేస్తూనే ఉంది.

నాలుగోరోజు మధ్యాహ్నం మంగాయమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. హైమ పక్కన చతికిలబడి తనూ ఒక పిడికెడు తీసుకుంది. కిటికీ పక్క మంచం తీసేశారు. ఆ చోటు బోసిగా ఉంది.

"అమ్మా, దీపం ఆరిపోతే ఏమంటారు?"

"ఆరిపోయిందనకూడదే. కొండెక్కింది అనాలి."

"గాజు పగిలితే?"

"పెరిగింది అంటాం." మంగాయమ్మ తన బోసి చేతుల వంక ఒకసారి చూసుకుంది. "ఏమే, ఇప్పుడెందుకివి?"

"మూటకి నేర్పాలమ్మా. కొండల్లో పెద్దవాళ్ళు మాట్లాడితే దానికి తెలియట్లేదు."

మంగాయమ్మ రెండు గింజలు తీసి పక్కన పడేసింది. తరవాత తనే మొదలెట్టింది. చీకట్లో పాము పేరెత్తరు, పురుగు అంటారు. పాము కరిస్తే పురుగు ముట్టింది అంటారు. ఆటలమ్మ వస్తే అమ్మవారు పోసింది. కడుపుతో ఉంటే నెల తప్పింది. కాన్పయితే నీళ్ళాడింది. హైమ రాస్తోంది. పురుగు ముట్టిందని ఎవరైనా ఇప్పటికే చెప్పి ఉంటే, మూట డాక్టరుకి ఏ చీమో కుట్టిందని విప్పి ఉంటుందేమో! వినేవాళ్ళ మనసు కష్టపెట్టకూడదని తరతరాలుగా దాచుకొచ్చిన మాటలివి. వినేది మనిషైతే దాపరికం వెనక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. పెట్టెకి తెలియదు.

చింతపండు అయ్యేసరికి అరవై మూడు మాటలయ్యాయి. హైమ కాగితం మీద అన్నీ ఉన్నాయి, ఒక్క మాట తప్ప. ఆ మాట తల్లి చెప్పలేదు, కూతురు అడగలేదు.

"ఇంతేనా, ఇంకేమైనా అడగాలా?" అంది మంగాయమ్మ, గింజలు చేటలోకి ఎత్తుతూ.

"ఇంతేనమ్మా."

"ఊఁ," అని లేచి లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున హైమ స్నానం చేసి వస్తుంటే వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడయింది. తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. హైమ గుమ్మం దగ్గరికొచ్చి చూసింది. మంగాయమ్మ బియ్యం డబ్బా ముందు నిలబడి, లోపలికి చూస్తోంది. చేతిలో సోల అలాగే ఉంది.

"హైమా," అంది వెనక్కి తిరక్కుండానే. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, కొత్తగా మాటలు నేర్చుకునేవాళ్ళలా అంది. "బియ్యం అయిపోయాయి."

నలభయ్యేళ్ళలో ఆ గొంతులో హైమ ఆ మాట వినలేదు. అమ్మకి తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసిందో! నిన్న చింతపండు దగ్గరా? లేక వ్యాను మెట్టు మీద కూర్చుని, తన ముఖం చూసినప్పుడేనా?

"అలా అనకమ్మా," అంది. దుఃఖం ముంచుకొచ్చింది. "నీ మాటలో తప్పు లేదమ్మా. నిండుగా ఎలా ఉంటుందని నాకు అనుమానం వచ్చింది. వచ్చి కూడా మళ్ళీ అడగలేదు. తప్పంతా నాదే."

మంగాయమ్మ సోల డబ్బాలో పెట్టి మూత వేసింది. దగ్గరికొచ్చి, తడి ఆరని కూతురి జుట్టు పమిట చెంగుతో తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే.

"తప్పు నీదో నాదో తేల్చుకుంటే ఆయన రారు కదే," అంది. "ఆ కాగితంలో ఒక మాట తక్కువుంది. రాసుకో. కొండల్లో ఇంకెవరి ఇంట్లోనో ఏదో నిండుకునే ఉంటుంది ఈపాటికి."

హైమ కాగితం తెచ్చుకుంది. అరవై నాలుగో మాట అమ్మ చెబుతుంటే రాసింది. ఆ తరవాత సంచీ తీసుకుని బియ్యానికి వెళ్ళింది.